అర్థమయ్యే భాషలో ప్రార్థన తెస్తే 1549లో ఇంగ్లండ్ జనం ఎందుకు తిరగబడ్డారు?

వేపచెట్టు:

తీరిక ఉన్నవాళ్లు ఎవరైనా ఈ సందేహం తీర్చండి.

యూరప్ మతసంస్కరణల గురించి చదువుతుంటే ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాల్లో 1549లో జరిగిన తిరుగుబాటు కనబడింది. దానికి 'ప్రార్థనా పుస్తకం తిరుగుబాటు' అనే పేరు కూడా ఉంది. నాకు తెలిసిన కథ ఇంతే. అప్పటిదాకా చర్చిలో అంతా లాటిన్. ఫాదర్ ఏం చదువుతున్నాడో నాగలి పట్టేవాడికి ఒక్క ముక్క తెలియదు. ఎనిమిదో హెన్రీ పోయాక అతని కొడుకు ఆరో ఎడ్వర్డ్ ప్రభుత్వం ఇంగ్లీషులో ప్రార్థనా పుస్తకం వేయించింది. 1549 జూన్ 9, పెంతెకోస్తు ఆదివారం నుంచి దేశమంతా అదే చదవాలని చట్టం చేసింది. మర్నాడే ఒక ఊళ్లో జనం అడ్డం తిరిగారు. మాకు పాత లాటిన్ పూజే కావాలన్నారు. అక్కడ మొదలై వేలమంది చచ్చేదాకా పోయింది.

ఇది నా బుర్రకెక్కడం లేదు. అర్థంకాని భాష పోయి అర్థమయ్యే భాష వస్తే సంతోషించాలి కదా? ఫాదర్లు రెచ్చగొట్టారా? చదువు లేకపోవడమా? లేక వేరే గొడవకి మతం ముసుగు వేశారా?

ఇంకోటి. రాజుకి అప్పటికి పదకొండేళ్లు. మరి దీన్ని రాజు తెచ్చిన సంస్కరణ అనొచ్చా, లేక పక్కనున్నవాళ్లు పిల్లవాడి పేరు వాడుకున్నారనాలా?

రాత్రిబండి:

ముసుగే. 1549లో పార్లమెంటు గొర్రెల మీద, ఉన్నిబట్ట మీద కొత్త పన్ను వేసింది. డెవన్ బతికేదే గొర్రెల మీద, బట్ట మీద. స్కాట్లండ్‌తో యుద్ధం ఖర్చు ఒకపక్క. ఇంకోపక్క నాణెంలో వెండి తగ్గిస్తూ పోయారు కాబట్టి ధరలు మండిపోతున్నాయి. అదే వేసవిలో తూర్పున నార్ఫోక్‌లో రాబర్ట్ కెట్ వెనక రైతులు లేచి పెద్దమనుషులు ఊరుమ్మడి భూముల చుట్టూ వేసుకున్న కంచెలు పీకారు. వాళ్లకి కొత్త ప్రార్థనా పుస్తకంతో గొడవే లేదు, వాళ్ల శిబిరంలో దాన్నే చదివారు కూడా. ఒకే ఏడాది, ఒకే దేశం, కడుపు మంట ఒకటే. పడమట దానికి మతం రంగు పడింది, అంతే.

పాతలెక్కలు:

రాత్రిబండి గారు చెప్పిన పన్ను నిజమే. తిరుగుబాటుదార్లు మొదట్లో పెట్టుకున్న మొరల్లో అదీ ఉంది. కానీ వాళ్లు చివరికి ఖాయం చేసి పంపిన కోరికల పట్టీ తీసి చూడండి. అందులో గొర్రెల ఊసు లేదు. మొదటినుంచి చివరిదాకా దాదాపు అన్నీ పూజ, స్వరూపాలు (చర్చిలోని పునీతుల విగ్రహాలు), పవిత్ర జలం, చనిపోయినవారి కోసం ప్రార్థనల గురించే. ముసుగు వేసుకున్నవాడు అసలు సంగతి అడగడం మర్చిపోతాడా?

వేపచెట్టు గారూ, మీ ప్రశ్న బాగుంది. దానికి నేను ఒక ఊరి జమాఖర్చులు చూపిస్తాను. నా ఉద్యోగమంతా ఆడిట్‌లోనే గడిచింది. మనిషి నోటితో ఏం చెప్పినా, దేనికి డబ్బు పెట్టాడో చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు. అలవాటైపోయింది.

డెవన్ ఉత్తరపు అంచున, ఎక్స్‌మూర్ బీడుకొండల పక్కన మోర్‌బాత్ అని ఒక పల్లె. అప్పట్లో ముప్పై మూడు కుటుంబాలు. గొర్రెలు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అక్కడికి 1520లో క్రిస్టఫర్ ట్రిక్కీ అనే ఫాదర్ వచ్చాడు. 1574లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. హెన్రీ, ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, ఈ నలుగురి మతాలూ ఆయన చేతుల మీదుగానే ఆ ఊరికి వచ్చాయి. చర్చి లెక్కలు ఆయనే రాసేవాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. అంత చిన్న ఊరి లెక్కలు అంత వివరంగా మిగలడం అరుదు.

వాటిలో మొదట కంటపడేది ఏమిటంటే చర్చి సొమ్ము ఒక్క చేతిలో లేదు. మరియమ్మ పేర ఒక నిధి, సెయింట్ జార్జ్ పేర ఒక నిధి. ఊరి కుర్రాళ్లకొకటి, పెళ్లికాని ఆడపిల్లలకొకటి. ఒక్కొక్క నిధికి వేరే పెద్దలు, వేరే లెక్క. స్వరూపాల ముందు కొవ్వొత్తులు వెలిగించడం వాళ్ల పని. కొన్ని నిధులకి సొంత గొర్రెలుండేవి. చర్చి గొర్రె ఒకరి మందలో, ఇంకొకటి మరొకరి మందలో మేసేది. ఉన్ని అమ్మితే జమ, గొర్రె చస్తే అదీ లెక్కలో రాయాలి. ఇవి కాక ఏడాదికోసారి చర్చి కోసం బీరు కాచి విందు చేసేవాళ్లు, ఊరంతా తాగి డబ్బిచ్చేది. పెద్ద రాబడి అదే. ముప్పై మూడు ఇళ్ల ఊళ్లో ఇన్ని నిధులుంటే ఏమవుతుందో ఆలోచించండి. ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చర్చి సొమ్ముకి జవాబుదారీ అయి తీరాలి.

ఇప్పుడు పైనుంచి వచ్చిన ఆదేశాల వరస చూడండి. 1538లో హెన్రీ కాలంలోనే స్వరూపాల ముందు దీపాలు ఆర్పమన్నారు. 1547 జనవరిలో హెన్రీ పోయాడు. ఎడ్వర్డ్‌కి తొమ్మిదేళ్లు. మేనమామ ఎడ్వర్డ్ సీమోర్, సామర్‌సెట్ డ్యూక్ అయి 'ప్రొటెక్టర్' పేరుతో రాజ్యం చేతిలోకి తీసుకున్నాడు. ఆ వేసవిలోనే ఊరేగింపులు రద్దు. ఏడాది చివర చట్టం చేసి, చనిపోయినవారి ఆత్మశాంతి పూజల కోసం ఎవరెవరో రాసిచ్చిన నిధులన్నీ ఖజానాకి మళ్లించారు. 1548 మొదట్లో ఫిబ్రవరి పండుగ కొవ్వొత్తులు, బూడిద బుధవారం బూడిద, మ్రానికొమ్మల ఆదివారం కొమ్మలు, అన్నీ బంద్. వెంటనే మిగిలిన స్వరూపాలన్నీ తీసేయమన్నారు. ఇవన్నీ అయ్యాక 1549 జూన్‌లో ఆ పుస్తకం.

పుస్తకం వచ్చేనాటికి మోర్‌బాత్ ఖాతాలు ఎలా ఉన్నాయంటే, ఆ నిధులు లేవు, దీపాలు లేవు, చర్చి గొర్రెలు అమ్మేశారు. 1548లో ఆ చర్చికి పెద్ద వార్డెన్ (చర్చి ఆస్తులు, లెక్కలు చూసే ఊరి పెద్ద) ఒక ఆడమనిషి, లూసీ స్కీలీ. ఆవిడ ఏలుబడిలో చర్చి సామాను పైనుంచి సరైన ఉత్తర్వు లేకుండానే అమ్ముడుపోయిందని ట్రిక్కీ రాసుకున్నాడు. ఒక ఫాదర్ అధికారిక లెక్కల పుస్తకంలో అంతకంటే ఏం రాయగలడు? నా ఉద్యోగంలో అయితే అలాంటి వాక్యం దగ్గర ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఆగేవాణ్ణి.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. చావు పూజలకి నల్లని పూజా వస్త్రాల జత ఒకటి కొనాలని ఆ ఊరు సుమారు ఇరవై ఏళ్లు కూడబెట్టింది. ట్రిక్కీ తనకి రావలసిన చిన్నచిన్న రాబడులు కూడా అందులోనే వేశాడు. మొత్తానికి 1547లో కొన్నారు. సరిగ్గా ఆ పూజల నోరు నొక్కడం మొదలైన ఏడాది!

ఇక మీ ప్రశ్నకి జవాబు అదే లెక్కల్లో ఉంది. 1549లో ఊరి కుర్రాళ్లు ఐదుగురు డెవన్‌లోని ఎక్సెటర్ నగరం గోడల బయట సెయింట్ డేవిడ్స్ డౌన్ అనే మెరకమీది శిబిరానికి వెళ్లారు. వెళ్లేటప్పుడు వాళ్లకిచ్చిన డబ్బు, ఆయుధాల ఖర్చు ఊరి లెక్కలోకి ఎక్కింది. ఆ శిబిరం తిరుగుబాటుదార్లది. రాజు నగరాన్ని ముట్టడించడానికి పోయేవాళ్ల దారిఖర్చుని ఊరి పద్దులో రాసుకున్నారన్నమాట. ఎవడో ఫాదర్ చెవిలో ఊదితే వెర్రెత్తిపోయిన గుంపు ఇలా పద్దులు రాసుకోదు. ఊరంతా కూర్చుని నిర్ణయించుకుంటేనే రాస్తుంది.

కాబట్టి వాళ్లు కోపగించింది 'అర్థం కావడం' మీద కాదు. లాటిన్ పూజ వాళ్లకి వినే పాఠం కాదు, కలిసి చేసే పని. ఆ పనికి కావలసిన గొర్రెలు, కొవ్వొత్తులు, విందు, చచ్చిపోయిన అమ్మానాన్నల పేర్లు చదివించడం అన్నీ రెండేళ్లలో ఊడ్చేసి, ఖాళీ చేతుల్లో ఒక పుస్తకం పెట్టారు. ఆ పుస్తకం ఖర్చు కూడా ఊరే పెట్టుకోవాలి.

వేపచెట్టు:

ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండీ. కానీ రెండు అడగాలి. మొదటిది, తిరుగుబాటు మొదలైన ఊరు మోర్‌బాత్ కాదు కదా, అక్కడ అసలు ఏం జరిగింది? రెండోది, వాళ్ల కోరికల్లో ఇంగ్లీషు బైబిల్ కూడా వెనక్కి తీసుకోవాలని ఉందట. దీన్ని మాత్రం ఎలా సమర్థిస్తారు?

సున్నపురాయి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పాతలెక్కలు గారి మాటల్లో ఆ పాత పారిష్ (ఒక చర్చి కింది ఊరు) జీవితం మీద ప్రేమ కొంచెం ఎక్కువైందనిపిస్తోంది. ఆ నిధులు, దీపాలు అన్నీ ఎందుకు? చనిపోయినవాళ్లు ఉత్తరించు స్థలంలో వేగుతుంటారని, డబ్బిచ్చి పూజలు చేయిస్తే త్వరగా బయటపడతారని భయం. ఆ భయమే వందల ఏళ్లుగా సామాన్యుడి జేబులోంచి డబ్బు లాగింది. దాన్ని ఆపిన, ఆ పుస్తకం కూర్చిన ఆర్చిబిషప్ క్రాన్మర్‌ని విలన్‌ని చేయడం సరికాదు. ఆయన కూర్చిన ఆ ఇంగ్లీషు ప్రార్థనలు తర్వాత కొన్ని వందల ఏళ్లు జనం నోటి మీద నిలిచాయి. బాగోలేకపోతే నిలిచేవా?

ఇంకో మాట. 'కొత్త పూజ క్రిస్మస్ ఆటలా ఉంది' అని తిరుగుబాటుదార్లు రాశారు. అది వాదన కాదు, ఎగతాళి.

పాతలెక్కలు:

సున్నపురాయి గారూ, క్రాన్మర్ ఇంగ్లీషు గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. ఒక పుస్తకం బాగుందా లేదా అన్నది వేరు, దాన్ని చదవకపోతే జైలంటే ఒప్పుకోవాలా అన్నది వేరు. ఆ చట్టం ప్రకారం పాత పూజ చేసిన ఫాదర్‌కి మొదటిసారి ఒక ఏడాది రాబడి జప్తు, ఆరు నెలల జైలు. మూడోసారి యావజ్జీవం. ఉత్తరించు స్థలం భయం గురించి మీరన్నది కూడా కాదనను. కానీ ఆ నిధులు లాక్కున్నాక సొమ్ము సామాన్యుడి జేబులోకి తిరిగి రాలేదు కదా. ఖజానాకి పోయింది, అక్కడినుంచి స్థలాలు కొనుక్కోగలిగిన పెద్దమనుషుల చేతికి పోయింది. ఇది జనానికి కనబడకుండా ఉంటుందా? మఠాల దగ్గరినుంచి లాక్కున్న భూముల్లో సగం వెనక్కి ఇవ్వాలన్నది వాళ్ల కోరికల్లో ఒకటి. పెద్దమనుషులు ఇంతమంది కంటే ఎక్కువ నౌకర్లని పెట్టుకోకూడదని ఇంకొకటి. రాత్రిబండి గారి కడుపు మంట వెతకాల్సింది అక్కడ.

వేపచెట్టు గారి మొదటి ప్రశ్న. ఊరు శాంఫర్డ్ కోర్ట్‌నీ, డార్ట్‌మూర్‌కి ఉత్తరాన. పెంతెకోస్తు ఆదివారం ఫాదర్ చట్టం ప్రకారం కొత్త పుస్తకమే చదివాడు. సోమవారం ఒక దర్జీ, ఒక కూలీ ముందుండి, ఈరోజు ఏ పూజ చేస్తావని అడిగారు. కొత్తదే అన్నాడు. కుదరదు, హెన్రీ రాజు పెట్టిపోయినట్టే ఉండాలన్నారు. ఫాదర్ కాసేపు గుంజాటన పడి పాత వస్త్రాలు వేసుకుని లాటిన్‌లో పూజ చేశాడు. న్యాయాధికారులొచ్చి మాట్లాడి చేతకాక వెళ్లిపోయారు. నచ్చజెప్పబోయిన హెలియన్స్ అనే పెద్దమనిషిని మాత్రం చర్చి పక్క ఇంటి మెట్ల మీద నరికి చంపారు. తూర్పుపడమరలుగా పాతిపెట్టాల్సిన శవాన్ని మతద్రోహి అని ఉత్తరదక్షిణాలుగా పాతారు. ఆ ఊరి మనుషుల్ని దేవతల్ని చేసే ఉద్దేశం నాకు లేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

కార్న్‌వాల్ వాళ్లు అప్పటికే బాడ్మిన్ దగ్గర పోగై హంఫ్రీ అరండెల్ నాయకత్వంలో బయల్దేరారు. అక్కడ కథ ఇంకా ముందే మొదలైంది. 1548 ఏప్రిల్‌లో హెల్‌స్టన్‌లో స్వరూపాలు పడగొట్టించడానికి వచ్చిన విలియం బాడీ అనే అధికారిని గుంపు చంపింది. దానికి ఒక ఫాదర్‌తో సహా కొందరిని ప్రభుత్వం ఉరితీసింది. ఆ పగ చల్లారకముందే పుస్తకం వచ్చిపడింది.

నిజానికి చిన్న అల్లరిగా ముగిసిపోయే దాన్ని పెద్దది చేసింది ప్రభుత్వం పంపిన మనుషుల తొందరపాటు. సర్ పీటర్ కేరూ అనే ఉడుకు రక్తం మనిషి క్రెడిటన్ వెళ్లాడు. అక్కడ జనం దారికి అడ్డం కట్టారు. అతని వెంట వచ్చినవాళ్లలో ఒకడు పక్కనున్న ధాన్యపు కొట్టాలకి నిప్పుపెట్టాడు. 'క్రెడిటన్ కొట్టాలు' అన్న మాట ఊరూరా పాకిపోయింది, పెద్దమనుషులు మనల్ని కాల్చేయడానికి వస్తున్నారని. ఆ తర్వాత ఎక్సెటర్ దగ్గర క్లిస్ట్ సెయింట్ మేరీలో జపమాల తిప్పుకుంటూ చర్చికి పోతున్న ఒక ముసలావిణ్ణి వాల్టర్ రాలీ అనే ఆసామి ఆపాడు. అమెరికా నౌకాయాత్రల రాలీ కాదు, వాళ్ల నాన్న. అవి ఇప్పుడు చట్టవిరుద్ధం, మానుకో, లేకపోతే శిక్ష తప్పదని బెదిరించాడు. ఆవిడ నేరుగా చర్చిలోకి వెళ్లి, జపమాలలు వదలకపోతే మన ఇళ్లు తగలబెడతారట అని అందరిముందూ చెప్పింది. మర్యాదస్తుడైన పెద్దమనిషి ఒక్క ముసలావిడతో నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఆ ఊరి వంతెనకి జనం అడ్డుకట్ట కట్టి తిరగబడేవాళ్లు కాదేమో.

బైబిల్ మాటకొస్తే, సమర్థించను. వాళ్లు చెప్పిన కారణం ఏమిటంటే, ఇంగ్లీషు బైబిల్ అందరి చేతిలో ఉంటే మతద్రోహుల్ని వాదనలో ఓడించడం మన ఫాదర్లకి చేతకాదట. ఈ ముక్కలో మాత్రం ఫాదర్ల గొంతు బాగా వినబడుతుంది. కోరికలు రాసిన చేతులు చాలావరకు వాళ్లవే కదా. కానీ అదే పట్టీలో జ్ఞానస్నానం మామూలు రోజుల్లోనూ ఇప్పించాలని ఉంది. ఎందుకంటే కొత్త పుస్తకం ఆదివారాలు, పండుగల్లోనే ఇవ్వడం మంచిదంది. పుట్టిన బిడ్డ ఆదివారం దాకా బతుకుతుందో లేదో తెలియని కాలం అది. ప్రాణం మీదికొస్తే ఎప్పుడైనా ఇవ్వొచ్చని పుస్తకంలో ఉందిలెండి, కానీ పల్లెకి చేరింది మొదటి సగమే. ఈ కోరిక ఏ ఫాదర్ బుర్రలోంచీ పుట్టలేదు, తల్లులది.

కార్న్‌వాల్ సంగతి మీ ప్రశ్ననే తలకిందులు చేస్తుంది. పడమటి కార్న్‌వాల్‌లో జనం మాట్లాడేది కార్నిష్. మాలో కొందరికి ఇంగ్లీషే రాదు, ఈ కొత్త ఇంగ్లీషు మాకొద్దు అని వాళ్లు పట్టీలోనే రాశారు. దానికి క్రాన్మర్ జవాబు ఏమిటో తెలుసా? మీలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎక్కువా, లాటిన్ వచ్చినవాళ్లు ఎక్కువా అని. తెలివైన జవాబే, కోర్టులో అయితే చప్పట్లు పడతాయి. కానీ జనానికి అర్థమయ్యే భాషలో ప్రార్థన అన్నదే సూత్రమైతే కార్నిష్‌లో పుస్తకం వేయించాలి. వేయించలేదు. వేల్స్‌కి మాత్రం ఎలిజబెత్ కాలంలో 1567లో వాళ్ల భాషలో ప్రార్థనా పుస్తకం, కొత్త నిబంధన రెండూ వచ్చాయి. కార్నిష్‌కి ఆ అదృష్టం పట్టలేదు.

రాత్రిబండి:

బాగుంది. కానీ అంత ఊరుమ్మడి పట్టుదల ఉంటే ఎక్సెటర్ ఎందుకు తలుపులు తీయలేదు? లోపలున్నదీ అదే పాత మతం వాళ్లే కదా.

పాతలెక్కలు:

అసలైన చోట పట్టుకున్నారు. లోపలివాళ్లలో పాత మతం వైపు మొగ్గినవాళ్లే ఎక్కువ. ఈ మాట చెప్పింది జాన్ హుకర్, ముట్టడి రోజుల్లో నగరంలోనే ఉన్న యువకుడు, పైగా గట్టి సంస్కరణవాది. కాబట్టి నమ్మొచ్చు. అయినా మేయర్ జాన్ బ్లాకలర్ తలుపులు తీయలేదు. మతం మీది, మాది ఒకటే, కానీ రాజు నగరం తాళాలు రాజుకి వ్యతిరేకంగా తీయం అన్నది వాళ్ల లెక్క. పైగా వ్యాపారులున్న నగరం. గుంపుని లోపలికి రానిస్తే ఏ దుకాణం మిగులుతుందన్న భయం ఉండదా?

జూలై 2 నుంచి ఆగస్టు 6 దాకా, ఐదు వారాలు. తిండి అయిపోయింది. తౌడుతో రొట్టెలు చేస్తే ముద్దకట్టక గుడ్డలో చుట్టి కాల్చుకున్నారు, గుర్రాల్ని తిన్నారు. బయటివాళ్లు గోడ కింద సొరంగం తవ్వుతుంటే లోపల తగరపు గనుల్లో పనిచేసిన ఒకతను నేలమీద పళ్లెంలో నీళ్లు పెట్టి, అవి వణికిన చోటుని బట్టి సొరంగం ఎక్కడుందో కనిపెట్టాడు. వీళ్లు ఇటునుంచి తవ్వి దాన్ని నీళ్లతో ముంచేశారు.

ఈ ముట్టడిలో నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి రాబర్ట్ వెల్ష్. నగరం బయటి సెయింట్ థామస్ చర్చి ఫాదర్, పుట్టుక కార్న్‌వాల్, తిరుగుబాటుదార్లకి పెద్ద దిక్కు. ఒక తుపాకీవాడు నిప్పుగుండ్లు వేసి నగరాన్ని కాల్చేస్తానని ముందుకొస్తే, లోపల అమాయకులున్నారు, ఒప్పుకోనని ఆపాడు. ముట్టడి విరిగాక ప్రభుత్వం అతన్ని తన చర్చి గోపురం మీదే గొలుసులతో వేలాడదీసింది. ఒంటిమీద పూజా వస్త్రాలు, పక్కన పవిత్ర జలం పాత్ర, గంట, జపమాల తగిలించి మరీ. తను కాపాడిన ఊరు రోజూ చూసేలా.

మిగతాది త్వరగా చెప్పేస్తాను, చదవడానికి హాయిగా ఉండదు. రాజు సైన్యం లార్డ్ రసెల్ చేతిలో. అందులో జర్మన్, ఇటాలియన్ కిరాయి సైనికులున్నారు. విల్లులు, కొడవళ్లు పట్టినవాళ్ల మీదికి తుపాకులు వచ్చాయి. క్లిస్ట్ హీత్ దగ్గర చేతులు కట్టేసి ఉన్న ఖైదీల గొంతులు కోశారు, తొమ్మిది వందలమంది అంటారు. వెనకనుంచి దాడి జరుగుతుందేమో, వీళ్లు విడిపించుకుంటారేమో అన్న టెన్షన్‌లో చేశారట. అది సమాధానమా? మర్నాటి పోరు చూసిన రాజు పక్షపు సేనాని లార్డ్ గ్రే, తాను చేసిన యుద్ధాలన్నిట్లో ఇంత మొండి ధైర్యం చూడలేదన్నాడని హుకర్ రాశాడు. చివరి పోరు ఆగస్టులో మళ్లీ శాంఫర్డ్ కోర్ట్‌నీలోనే. హుకర్ లెక్కలో మొత్తం చచ్చినవాళ్లు నాలుగు వేలు. అరండెల్‌ని 1550 జనవరిలో లండన్ టైబర్న్‌లో చంపారు.

ఆ మధ్యలో కార్న్‌వాల్‌లో సర్ ఆంథొనీ కింగ్‌స్టన్ ఊరూరా తిరిగి ఉరితీశాడు. బాడ్మిన్ మేయర్ ఇంట్లో భోజనం చేస్తూ, ఉరికంబం ఒకటి సిద్ధం చేయించండి అన్నాడట. భోజనమయ్యాక ఇద్దరూ వెళ్లి చూశారు. గట్టిగానే ఉందా అని అడిగితే, గట్టిదే అన్నాడు మేయర్. అయితే ఎక్కండి, ఇది మీకోసమే అన్నాడట కింగ్‌స్టన్. ఇలా చెప్పుకున్న కథల్లో కొంత అతిశయం ఉంటుంది, కానీ ఆ మేయర్‌ని ఉరితీసిన మాట మాత్రం అతిశయం కాదు.

వేపచెట్టు:

రాజు గురించి అడిగింది మిగిలిపోయింది.

పాతలెక్కలు:

అవును. చట్టం రాజు పేరు మీదే, పార్లమెంటు ఒప్పుకున్నదే. కాబట్టి రాజు సంస్కరణే. తిరుగుబాటుదార్లకి మాత్రం ఇదే మంచి ఆధారం అయింది. రాజు ఇంకా పిల్లవాడు, అతను 24 ఏళ్లవాడయ్యేదాకా హెన్రీ వదిలివెళ్లిన పద్ధతులే ఉండనివ్వండి, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటాడు అన్నారు. గమనించారా, ఎక్కడా రాజుని కాదనలేదు. ప్రభుత్వం బాలుడి పేరునే జవాబు రాసింది, వయసు తక్కువైతే రాజరికం తక్కువవుతుందా అని.

కానీ పిల్లవాణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు ఆడించారన్న ఊహ పూర్తిగా నిలవదు. ఎడ్వర్డ్‌కి చదువు చెప్పినవాళ్లు సంస్కరణవాదులు, ఆ చిన్న వయసులోనే అతను వాళ్లకంటే పట్టుదలగల మనిషిగా తయారయ్యాడు. మతంలో పాతవైపు నిలబడ్డ తన అక్క మేరీతో తర్వాత నేరుగా గొడవపడ్డాడు. తన దినచర్య పుస్తకంలో ఈ తిరుగుబాటు గురించి కూడా రాసుకున్నాడు.

ఇంకో రుజువు కావాలంటే అదే ఏడాది అక్టోబర్ చూడండి. ఇంత రక్తపాతానికి బాధ్యుణ్ణి చేసి తోటి ప్రభువులు సామర్‌సెట్‌ని పడగొట్టి లండన్ టవర్‌లో పెట్టారు. మేనమామ పోయాడు, ఇక లాటిన్ పూజ తిరిగొస్తుందని దేశమంతా పుకారు. వాళ్లు ఊహించినట్టు పిల్లవాడి వెనకున్న ఒక్కడే కారణమైతే రావాలి కదా. డిసెంబర్ 25న, క్రిస్మస్ నాడే, బిషప్పులకి ఉత్తర్వు వెళ్లింది. చర్చిల్లో మిగిలిన పాత లాటిన్ పూజ పుస్తకాలన్నీ పోగుచేసి, మళ్లీ వాడడానికి పనికిరాకుండా చేయమని.